మోటారుకారు దీపములు

రాత్రివేళ రహదారిపై పోవు వాహనమునకు దీపములు కన్నులవంటివని పలువురు చెప్పుదురు. ఈ పోలికలో కొంత సత్యమున్నది గాని పూర్ణసత్యము లేదు. కన్ను వెలుగును గ్రహించును. దీపము వెలుగును వెదజల్లును. ఒకని కన్ను ఎంత నిశితమైనను దానివలన ఎదుటివానికి బాధ లేదు. ఒకని దీపము మితిమీరి తీక్ష్ణమైనచో ఎదుటివాని చూపు క్షణకాలము నిరుపయోగమగును. అందుచేత వాహనపు దీపమునకు రెండు ధర్మములు కలవు. నడుపువానికి త్రోవ చూపుట మొదటిది. ఎదురువచ్చువాని చూపును చెరుపకుండుట రెండవది. ఈ రెండింటిలో ఏది లోపించినను ఆ దీపము మంచి దీపము కాదు.

ఇటీవలి కాలమున కార్లుగలవా రనేకులు తమ కార్లతో వచ్చిన హాలోజను బల్బులను తీసివేసి, వాని స్థానమున ఎల్‌.ఇ.డి. బల్బులను పెట్టించుచున్నారు. ఇవి బజారులో విరివిగా దొరకుచున్నవి. తెలిసినవాడు అరగంటలో మార్చివేయును. మార్చినపిదప కారు ముందటి నేల పాలు పోసినట్లు తెల్లగా కానవచ్చును. యజమానునకు సంతోషము కలుగును. కాని, ఆ మార్పు పైన చెప్పిన రెండు ధర్మములను నెరవేర్చుచున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో మొదట దీపము లోపల జరుగు పని యెట్టిదో తెలిసికొనవలెను.

మోటారుకార్లు పుట్టిన తొలిదినములలో వానికి నూనెదీపములును, ఎసిటిలీను దీపములును ఉండెడివి. కాల్షియం కార్బైడుపై నీరు బొట్టుబొట్టుగా పడునట్లు చేసి, అందుండి పుట్టిన వాయువును మండించి వెలుగు పొందెడివారు. ఆ దీపములను కాపాడుకొనుట కష్టముగా నుండెడిది. 1912లో అమెరికాయందలి కాడిలాక్ కంపెనీవారు విద్యుత్తుతో నడచు స్టార్టరును, విద్యుద్దీపములను కలిపి ఒకే ఏర్పాటుగా తమ కార్లలో అమర్చిరి. పిమ్మట క్రమక్రమముగా విద్యుద్దీపములే అంతటను వ్యాపించినవి.

దీపముల చరిత్రలో 1962వ సంవత్సరము మిక్కిలి ముఖ్యమైనది. ఆ యేట ఐరోపాలో మొదటి హాలోజను బల్బు కార్ల దీపములలోనికి వచ్చెను. ఆ యేటనే అమెరికాలో నిక్ హోలోన్యాక్ అను శాస్త్రవేత్త కంటికి కనబడు ఎర్రని వెలుగునిచ్చు డయోడును తయారుచేసెను. నాడు ఒకదానితో నొకటి సంబంధము లేని ఆ రెండు వస్తువులు, సుమారు అర్ధశతాబ్దము గడచిన తరువాత ఒకే దీపపు గూటిలో చోటుకొరకు పోటీపడుట విశేషము.

హాలోజను బల్బులో వెలుగునిచ్చునది టంగ్‌స్టన్ లోహపు తంతువు. సన్నని తీగను చుట్టలుగా చుట్టి దీనిని చేయుదురు. విద్యుత్తు ప్రవహించినపుడు తంతువు తెల్లగా కాగి వెలుగును. సామాన్యపు బల్బులో వేడికి టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా ఆవిరియై గాజు లోపలి గోడకు అంటుకొనును. అందువలన గాజు నల్లబడును. తంతువు క్షీణించి తెగిపోవును. ఈ లోపమును తగ్గించుటకు బల్బులో అయొడిను, బ్రోమినువంటి హాలోజను వాయువును కొంచెము చేర్చిరి. ఆవిరియైన టంగ్‌స్టన్ ఆ వాయువుతో కలసి, గాజుకు అంటుకొనక తిరిగి తంతువు చెంతకు చేరి, అచ్చటి తీవ్రమైన వేడికి విడివడి మరల తంతువుపైననే పేరుకొనును. ఇట్లు పోయినది పోయినచోటికే చేరుటచేత తంతువును మరింత వేడిగా కాల్చుటకు వీలుకలిగెను, వెలుగు హెచ్చెను. గాజుకూడ మిక్కిలి కాగుచుండును గాన దానిని క్వార్ట్జువంటి గట్టి పదార్థముతో చేయుదురు.

హాలోజను బల్బులలో మన దేశపు కార్లయందు ఎక్కువగా కనబడునవి రెండు రకములు. ఒకటి హెచ్ 4, మరియొకటి హెచ్ 7. హెచ్ 4 బల్బు 1971లో వచ్చెను. ఇందులో ఒకే గాజు గొట్టమున రెండు తంతువులుండును. ఒకటి 60 వాట్లది. అది దూరమునకు పారు వెలుగు నిచ్చును. దీనిని హైబీమ్ అందురు. రెండవది 55 వాట్లది. అది దగ్గరి నేలపై పడు వెలుగు నిచ్చును. దీనిని లోబీమ్ అందురు. ఎదుట వాహనము వచ్చునపుడు హైబీమ్‌నుండి లోబీమ్‌నకు మార్చుటనే మన డ్రైవర్లు డిప్పరు వేయుట అందురు. లారీల వెనుక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని వ్రాసియుండుటను చూడని వారుండరు. ఆ నాలుగు మాటలు దీపపు రెండవ ధర్మమును గుర్తుచేయుచున్నవి.

వెలుగు పరిమాణమును ల్యూమెనులలో కొలుచుదురు. అంతర్జాతీయ ప్రమాణముల ప్రకారము హెచ్ 4 బల్బు లోబీమ్ వెలుగు సుమారు 1000 ల్యూమెనులు. హైబీమ్ వెలుగు 1650 ల్యూమెనులు. హెచ్ 7 బల్బున ఒకే తంతువుండును. అది 55 వాట్లకు 1500 ల్యూమెనుల వెలుగు నిచ్చును. అయితే బల్బు వెలుగు ఎంతయను దానికంటె, ఆ వెలుగు ఎచ్చటికి పోవుచున్నదనునది ముఖ్యము. ఆ పని బల్బుది కాదు. దాని వెనుకనున్న పరావర్తకముది.

పుటాకార దర్పణపు నాభియందు చిన్న దీపము నుంచినచో కిరణములు దర్పణమునుండి సమాంతరముగా వెలువడునని విద్యార్థులు సామాన్యశాస్త్రమున చదివియుందురు. కారు దీపము ఈ సూత్రముపైననే ఆధారపడియున్నది. హెచ్ 4 బల్బు హైబీమ్ తంతువు నాభికి చేరువలో నుండును. అందుచే వెలుగు దూరమునకు సూటిగా పోవును. లోబీమ్ తంతువు నాభికి కొంచెము ముందున ఉండును. ఆ తంతువు క్రింద లోహపు గిన్నె యొకటి కలదు. క్రిందివైపు పోవలసిన వెలుగును ఆ గిన్నె అడ్డగించును. పైవైపు పోయిన వెలుగుమాత్రమే పరావర్తకపు పైసగమును తాకి క్రిందికి వంగి నేలపై పడును. వేలి గోరంత లేని ఆ గిన్నెయే ఎదురువచ్చువాని కన్నును కాపాడుచున్నది.

ఈ ఏర్పాటు వలన లోబీమ్ వెలుగునకు పైన స్పష్టమైన అంచు ఏర్పడును. కారును గోడ ఎదుట నిలిపి దీపము వేసినచో, గోడపై క్రింద వెలుగును, పైన చీకటియు, నడుమ గీత గీసినట్లు అంచును కనబడును. మన దేశమున వాహనములు ఎడమవైపున నడచును గాన, ఆ అంచు కుడివైపున తగ్గియు, ఎడమవైపున కొంచెము లేచియు ఉండును. కుడివైపున ఎదురువచ్చువాని కన్నులుండును. ఎడమవైపున బాటసారులును, మైలురాళ్లును, చెట్లును ఉండును. ఎవరికి వెలుగు కావలెనో వారివైపు వెలుగు, ఎవరికి చీకటి కావలెనో వారివైపు చీకటి పంచి యిచ్చుటయే మంచి దీపపు లక్షణము.

ఇక ఎల్‌.ఇ.డి. సంగతి చూతము. ఎల్‌.ఇ.డి. అనగా కాంతి ఉద్గార డయోడు. ఇందులో కాలు తంతువు లేదు. అర్ధవాహక పదార్థపు రెండు పొరలు కలియుచోట విద్యుత్తు ప్రవహించినపుడు వెలుగు పుట్టును. ఏ రంగు వెలుగు పుట్టునో ఆ పదార్థమునుబట్టి యుండును. ఎరుపును, పచ్చదనమును చాలకాలము క్రిందటనే సాధించిరి గాని, ప్రకాశమానమైన నీలపు వెలుగును సాధించుట దుర్లభమయ్యెను. 1990వ దశకపు ఆరంభమున జపానుకు చెందిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజీ నకమురా అనువారు గాలియం నైట్రైడు పదార్థముతో దానిని సాధించిరి. ఈ కృషికి 2014లో వారికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. నీలపు డయోడుపై పసుపు వెలుగునిచ్చు పొడిని పూసినచో, ఆ పసుపును మిగిలిన నీలమును కలసి కంటికి తెల్లని వెలుగుగా తోచును. నేడు ఇండ్లలో వెలుగు ఎల్‌.ఇ.డి. దీపములలో పెక్కింటియందు ఈ పద్ధతియే కలదు. 2007లో జపాను దేశపు లెక్సస్ ఎల్‌.ఎస్‌. 600 హెచ్ అను కారు లోబీమ్‌నకు ఎల్‌.ఇ.డి.ల నుపయోగించి మార్కెట్టులోనికి వచ్చెను.

ఎల్‌.ఇ.డి.కి గల సుగుణములు కాదనరానివి. హాలోజను బల్బు తాను గ్రహించిన శక్తిలో పదవవంతునైనను కంటికి కనబడు వెలుగుగా మార్చజాలదు. తక్కినదంతయు వేడిమి యగును. ఎల్‌.ఇ.డి. అంతకంటె చాల తక్కువ విద్యుత్తుతో అంతే వెలుగు నిచ్చును. హాలోజను బల్బు కొన్ని వందల గంటలు వెలిగిన పిదప తెగిపోవును. చక్కగా చేసిన ఎల్‌.ఇ.డి. అనేక వేల గంటలు వెలుగును. తంతువు లేదు గాన గతుకుల బాటలలో అదరుటచే తెగునను భయము లేదు. కావున కార్ల యజమానులు దీనియెడల ఆకర్షితులగుట ఆశ్చర్యము కాదు.

చిక్కు ఎల్‌.ఇ.డి.లో లేదు, దానిని హాలోజను బల్బుకొరకు చేసిన గూటిలో పెట్టుటలో నున్నది. తంతువు సన్నని చిన్న చుట్ట. అది చుట్టును అన్నివైపులకు వెలుగును చిమ్మును. పరావర్తకపు ప్రతి వంపును ఆ తంతువు పొడవును, లావును, స్థానమును లెక్కించి తీర్చినదే. ఎల్‌.ఇ.డి. చదునైన పలక, అది తన ముఖమువైపు మాత్రమే వెలుగు నిచ్చును. అందుచే బల్బులు చేయువారు ఒక పలుచని లోహపు పలకకు రెండువైపుల ఎల్‌.ఇ.డి.ల నంటించి, వీపు వీపు కలిపినట్లుగా నిలుపుదురు. ఆ పలక మందమైనచో వెలుగు పుట్టుచోటు తంతువుండవలసిన స్థానమునుండి ఇరుప్రక్కలకు జరుగును. పలకయొక్క అంచులవైపు వెలుగు తగ్గును.

ఇంత చిన్న తేడా ఏమి చేయునని అనుకొనరాదు. నాభ్యంతరము 25 మిల్లీమీటర్లుగల దర్పణమున వెలుగు పుట్టుచోటు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో వెలువడు కిరణము రెండు డిగ్రీలకు పైగా వంగును. రెండు డిగ్రీలు అటుండగా ఒక్క డిగ్రీ పైకి వంగినచో ఏమగునో లెక్క వేయుదము. కారు దీపము నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొందము. సరిగా అమర్చిన లోబీమ్ అంచు సాధారణముగా ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగుచుండును. అనగా 60 మీటర్ల దూరమున ఆ అంచు నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే యుండును. ఒక డిగ్రీ పైకి లేచినచో ఆ దూరమున కిరణము సుమారు 105 సెంటీమీటర్లు పైకి జరుగును. మొత్తము 110 సెంటీమీటర్లు. చిన్నకారు నడుపువాని కన్ను ఉండునది ఇంచుమించు ఆ ఎత్తుననే. నేలపై పడవలసిన వెలుగు కంటిలో పడుట ఇట్లు సంభవించును.

కంటిలో పడిన వెలుగు ఏమి చేయును? చీకటిలో మన కంటిపాప విప్పారియుండును. లోపలి పొర మసకవెలుగును గ్రహించుటకు అలవాటుపడి యుండును. హఠాత్తుగా తీవ్రమైన కాంతి పడినపుడు కంటిపాప ముడుచుకొనును. లోపలి పొర గ్రహణశక్తిని కొంతసేపు కోల్పోవును. కాంతి దాటిపోయిన తరువాతను చూపు వెంటనే కుదుటపడదు. వయసు మళ్లినవారికిని, కంటిలో శుక్లము ఏర్పడుచున్నవారికిని ఇంకను ఎక్కువకాలము పట్టును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము ఒక్క సెకండులో దాదాపు 17 మీటర్లు పోవును. మూడు సెకండులు చూపు ఆననిచో 50 మీటర్ల బాట గ్రుడ్డివానివలె నడపినట్లే. ఎదురెదురుగా అదే వేగమున వచ్చు రెండు వాహనముల నడుమ 100 మీటర్ల దూరము మూడు సెకండులలో తరిగిపోవును.

విజయవాడ, నెల్లూరు మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారివంటి పెద్దబాటలలో రాకపోకల త్రోవలు వేరువేరుగా నుండును. నడిమి గట్టుపై గన్నేరు, కాగితపుపూల చెట్లను పెంచుదురు. అవి కంటికి ఇంపు గూర్చుటయేగాక, ఎదుటి వాహనపు దీపకాంతిని అడ్డుకొనుటకును ఉపయోగించును. కాని పల్లెలను కలుపు బాటలకు నడిమి గట్టు లేదు, గన్నేరు లేదు. ఆ బాటలపై రాత్రివేళ సైకిలు త్రొక్కుచు పోవువాడుండును. చేనినుండి తిరిగివచ్చు ఎడ్లబండి యుండును. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు నిలిచియుండును. కోతలకాలమున ధాన్యమును బాటపైననే ఆరబోసి దానిచెంత కాపలా పరుండువారుందురు. ఎదుటి కాంతికి కన్ను చెదరిన డ్రైవరునకు వీరెవ్వరును కనబడరు. దీపము మార్చినవాడు సుఖముగా ఇల్లు చేరును. అతని వెలుగువలన త్రోవ తప్పినవాని సంగతి అతనికి తెలియనైన తెలియదు. ఈ తప్పునందలి భయంకరమైన అంశ మిదియే.

‘వెలుగు ఎక్కువైనది గదా, నడుపువానికైనను మేలు గదా’ అని కొందరు వాదింతురు. అదియును ఎల్లపుడు నిజము కాదు. కారు ముందు పది పదునైదు మీటర్ల నేల మిక్కిలి తెల్లగా వెలిగినచో కన్ను ఆ వెలుగునకే అలవాటుపడును. దూరమున నున్న మసక వస్తువులు మునుపటికంటె తక్కువగా తోచును. బాగుగా కనబడుచున్నదను భ్రమ కలుగును, వేగము హెచ్చును. అమ్మకపు పెట్టెలపై పదివేల ల్యూమెనులు, ఇరువదివేల ల్యూమెనులు అని అచ్చువేసిన సంఖ్యలను చూచి మోసపోరాదు. పొలమునకు నీరు ముఖ్యమే; కాని గట్టు సరిగాలేని చేనికి నీరు హెచ్చుగా వదలినచో తన పైరుకు అందవలసిన నీరు పొరుగువాని పైరును ముంచును. వెలుగుకూడ అట్టిదే.

వేడిమి విషయమున మరియొక అపోహ కలదు. ఎల్‌.ఇ.డి. చల్లగా నుండునని పలువురు తలంతురు. దాని వెలుగులో వేడి తక్కువ. కాని దాని వీపున వేడి పుట్టును. ఆ వేడిని వెలుపలికి పంపనిచో వెలుగు మందగించును, ఆయువు తగ్గును. అందుకే బల్బు వెనుక అల్యూమినియపు రెక్కలుగాని, చిన్న పంకాగాని అమర్చుదురు. దీపపు గూడు వెనుక చాలినంత చోటు లేనపుడు కొందరు రబ్బరు మూతను కోయుదురు. కొందరు తీసియే వేయుదురు. అపుడు దుమ్మును, వాననీరును లోనికి జొరబడి పరావర్తకము మాసిపోవును. కొన్ని క్రొత్త కార్లలో విద్యుత్తు వాడుక తగ్గుటను చూచి, బల్బు పోయినదని ఎదుటి పలకపై హెచ్చరిక వెలుగును.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. మన దేశపు 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 106వ నియమము వాహనపు ముందు దీపముల కాంతి ఎదుటివాని కన్ను చెదరగొట్టరాదని నిర్దేశించుచున్నది. దీపమునకు 8 మీటర్ల దూరమున, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున నున్న కంటికి బాధ కలుగనంతగా కిరణము క్రిందికి వంగియుండవలెను. ఎనిమిది మీటర్లు, ఒకటిన్నర మీటరు – ఈ కొలతలలో ఎదుట నిలిచిన మనిషి ఆకృతి కనబడుచున్నది. నియమము దీపమును కొలుచుటకు మనిషి కన్నునే కొలబద్దగా తీసికొన్నది.

జర్మనీ దేశపు అనుభవము మనకు మంచి పాఠము. ఆ దేశమున హాలోజను దీపములలో ఎల్‌.ఇ.డి. బల్బులను పెట్టుట చాలకాలము నిషిద్ధముగా నుండెను. 2020లో ఓస్రామ్ కంపెనీవారి హెచ్ 7 రకపు ఎల్‌.ఇ.డి. బల్బు ఒకదానికి అచ్చటి మోటారు రవాణా శాఖవారు మొదటిసారి అనుమతి నిచ్చిరి. అయినను అన్ని కార్లకు ఇయ్యలేదు. ఏయే కార్ల ఏయే దీపములలో ఆ బల్బును పరీక్షించి, ఎదుటివానికి బాధ లేదని తేల్చిరో ఆ కార్ల పట్టికకు మాత్రమే అనుమతి. పట్టికలో లేని కారులో అదే బల్బును పెట్టినచో అది చట్టవిరుద్ధము. బల్బు మంచిదా యని వారు విడిగా అడుగలేదు. ఈ బల్బు ఈ గూటిలో మంచిదా యని అడిగిరి. సరియైన ప్రశ్న అదియే.

కారును తయారుచేసినవారే ఎల్‌.ఇ.డి. దీపములతో ఇచ్చిన కార్లకు ఈ చిక్కు లేదు. ఆ దీపములలో పరావర్తకమును, కటకమును ఎల్‌.ఇ.డి. స్వభావమును లెక్కించి తీర్చియుందురు.

దీపములు మందముగా నున్నవని తోచినపుడు బల్బు మార్చుటకు ముందుగా చూడవలసినవి కొన్ని కలవు. పాలికార్బొనేటు ముఖపు పలక యెండకు పసుపువారి యుండవచ్చును. దానిని మెరుగు పెట్టించినచో సగము దోషము తీరును. పాతబడిన తీగలును, త్రుప్పుపట్టిన అతుకులును బల్బునకు చేరు వోల్టేజిని తగ్గించును. వోల్టేజి పదింట ఒకవంతు తగ్గినచో హాలోజను బల్బు వెలుగు ఇంచుమించు మూడవవంతు తగ్గును! తీగల నతికించి సరిచేసినంతమాత్రమున పోయిన వెలుగు తిరిగివచ్చును. నూరు వాట్ల హాలోజను బల్బును పెట్టుట మాత్రము తగదు. తీగలును, బల్బు పట్టుకొను సాకెట్టును వేడికి కరగు ప్రమాదము కలదు.

తన కారునకు తగినదని పరీక్షలో తేలిన బల్బునే మార్చునపుడు కూడ పద్ధతి ననుసరింపవలెను. ముందుగా సమతలముగా నున్న చోట కారును గోడకు ఎదురుగా నిలిపి, టైర్లలో గాలి సరిగా నున్నదో లేదో చూచి, పాత బల్బుల లోబీమ్ అంచు గోడపై ఎచ్చట పడుచున్నదో సుద్దతో గీత గీయవలెను. తరువాత దీపములను ఆర్పి, తాళము తీసి, బల్బు చల్లారువరకు ఆగవలెను. బానెట్టు ఎత్తి, దీపపు గూడు వెనుకనున్న సాకెట్టును, రబ్బరు మూతను తీసి, తీగ క్లిప్పును వదులుచేసి బల్బును వెలుపలికి తీయవలెను. హెచ్ 4 బల్బు అంచున మూడు చెవులుండును. అవి తమ గాడిలో సరిగా కూర్చున్నపుడే బల్బు సరియైన కోణమున నిలుచును. ఎల్‌.ఇ.డి. బల్బు వెలుగకున్నచో చాలసార్లు ధన, ఋణ ధ్రువములు తారుమారగుటయే కారణము. తిరిగి హాలోజను బల్బునే పెట్టునపుడు దాని గాజును వ్రేళ్లతో తాకరాదు. వ్రేళ్ల జిడ్డు అంటినచోట గాజు అతిగా కాగి చెడిపోవును. రెండు ప్రక్కల బల్బులను ఒకేసారి మార్చి, రబ్బరు మూతను గట్టిగా బిగింపవలెను.

పిదప దీపము వేసి గోడను చూడవలెను. క్రొత్త వెలుగు అంచు సుద్దగీతపైననే నిలిచినదా? గీతకు పైన తెల్లని మరకలు, చారలు కనబడుచున్నవా? అంచు చెదరిపోయి వెలుగు పైకి ఎగజిమ్ముచున్నచో ఆ బల్బు ఆ గూటికి తగదు. మర త్రిప్పి దీపమును క్రిందికి వంచినంతమాత్రమున ఈ దోషము తీరదు. అంచే లేని వెలుగును ఎచ్చటికి వంచినను అది చెదరియే యుండును. అట్టి బల్బును తీసివేసి పాతదానిని పెట్టుటయే వివేకము. అంచు చక్కగానున్న దీపమునకును జాగ్రత్త అవసరము. వెనుక సీటున నలుగురు కూర్చుండి, డిక్కీ నిండ సామానున్నపుడు కారు ముందుభాగము లేచును. దానితో వెలుగును లేచును. అట్టి సమయములకొరకే అనేక కార్లలో దీపమును దించు చిన్న చక్రము అమర్చియుందురు. దాని నుపయోగించువారు తక్కువ.

క్రొత్త వస్తువు వచ్చినపుడు దానిని వద్దనుట తెలివి కాదు. కనబడినదెల్ల కొనుటయు తెలివి కాదు. ఎసిటిలీను పోయి విద్యుద్దీపము వచ్చెను; సామాన్యపు బల్బు పోయి హాలోజను వచ్చెను; హాలోజను పోయి ఎల్‌.ఇ.డి. వచ్చుచున్నది. ఈ మార్పు ఆగదు. కాని యే దీపము వచ్చినను రహదారి ఒక్కనిది కాదు. అది లారీవానిది, సైకిలువానిది, ఎడ్లబండివానిది, కాలినడకను పోవువానిది. తన దీపము బాగుగా నున్నదో లేదో తెలిసికొనగోరువాడు నడుపుచోట కూర్చుండి చూచిన చాలదు. కారు దిగి, అరువది అడుగులు ఎదురుగా పోయి, వెనుదిరిగి తన దీపమువైపు తానే చూడవలెను. ఆ చోటినుండి కన్ను మూసికొననక్కర లేనిచో అది మంచి దీపము.